మ్యాపు ఇచ్చేశాం కదా అని ఫొటోలు చెరిపేయకండి

పోయిన నెల ఒక జలాశయం మట్టికట్ట మీద డ్రోన్ ఎగరేశాం. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. మూడేళ్ల కిందట ఇదే కట్టను మేమే కొలిచి మ్యాపు ఇచ్చాం. ఆనాటి ఎత్తుల మోడల్‌నీ ఈనాటి మోడల్‌నీ పక్కపక్కన పెట్టి తేడా తీస్తే, రెండు కొసల్లోనూ దాదాపు సున్నా వచ్చింది. మధ్యకు వచ్చేసరికి 18 సెంటీమీటర్లు తగ్గింది. ఆ తేడాను స్క్రీన్ మీద రంగుల్లో చూస్తే ఈ కొసన తెలుపు, లోపలికి పోయేకొద్దీ గులాబీ, నడిమధ్యన చిక్కటి ఎరుపు, మళ్లీ అవతలి కొసకు పలచబడి తెలుపు. ఎక్కడా మరక లేదు, విరుపు లేదు. అంత నున్నగా ఉంది.

"అంటే కట్ట కుంగిందనేనా?" అని అడిగారు అక్కడి ఇంజనీరు.

ఆ నునుపే నన్ను భయపెట్టింది. కెమెరా నిటారుగా కిందికి చూస్తూ ఒకే వరసలో తీసిన ఫొటోల్లో, లెన్స్ వంపును సాఫ్ట్‌వేర్ రవ్వంత తప్పుగా అంచనా వేసినా చాలు, ఆ తప్పు ఫొటో నుంచి ఫొటోకు పేరుకుంటూ పోయి మోడల్ మొత్తం విల్లులా వంగుతుంది. కంట్రోల్ పాయింట్లు, అంటే నేల మీద విడిగా కచ్చితంగా కొలిచి పెట్టుకున్న గుర్తులు, ఉన్నచోట అవి పట్టి ఉంచుతాయి కాబట్టి తప్పు కనపడదు, లేనిచోట పైకి లేస్తుంది. మూడేళ్ల కిందట మేం కంట్రోల్ పాయింట్లు రెండు కొసల్లోనే పెట్టాం. కాబట్టి ఆనాటి మోడలే మధ్యలో ఉబ్బి ఉండొచ్చు, కట్ట అంగుళం కూడా కదలకపోయి ఉండొచ్చు. అలాగని నిశ్చింతగా ఉండడానికీ లేదు. మట్టికట్ట ఎత్తు ఎక్కువున్న చోట ఎక్కువ కుంగుతుంది. ఈ కట్ట ఎత్తు ఎక్కువున్నదీ మధ్యలోనే.

పాత ఫొటోలు ఉంటే ఒకటి రెండు రోజుల్లో చాలావరకు తేలిపోయే విషయం. పాతవీ కొత్తవీ కలిపి ఒకే ప్రాజెక్టులో వేసి, తూము రాతికట్టడం, దిగుడుమెట్లు లాంటి కదలని వాటిని ఆధారంగా పట్టుకుని లెన్స్ లెక్క మళ్లీ కడితే, వంగింది మోడలో కట్టో బయటపడుతుంది. మా దగ్గర పనిచేసే కుర్రాడిని ఆ ఫోల్డర్ తీయమన్నాను.

"ఫైనల్ ఇచ్చేశాక ఫొటోలు తీసేశాం కదన్నా. సర్వర్‌లో చోటు లేదని అప్పుడు లిస్టు పెట్టారు."

ఆ లిస్టు కింద సంతకం నాదే. ఆనాటి ఆర్థోఫొటో (ఫొటోలన్నీ కలిపి మ్యాపులా సరిచేసిన చిత్రం) ఉంది, ఎత్తుల మోడల్ ఉంది, కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఉన్నాయి, అట్ట వేసిన నివేదిక ఉంది. 640 ఫొటోల్లో ఒక్కటి లేదు. అప్పటి నుంచీ ఒకే మాట మనసులో మెదులుతోంది. మనం కొలతలు అని దాచుకుంటున్నవి కొలతలు కావు, వాటి నుంచి ఆ రోజు తీసిన జవాబులు. కొలతలు ఉండేది ఫొటోల్లో. ఫొటోల నుంచి కొలతలు రాబట్టే ఈ విద్య, ఫొటోగ్రామెట్రీ, పుట్టినప్పుడే ఆ సంగతి తెలుసుకున్న మనిషి ఒకాయన ఉన్నాడు.

వెట్జ్‌లార్ కేథడ్రల్ కిటికీ

1858లో ఆల్బ్రెక్ట్ మైడెన్‌బావర్ అనే జర్మన్ యువ ఆర్కిటెక్టుకు వెట్జ్‌లార్ పట్నంలోని కేథడ్రల్ ముఖభాగాన్ని కొలిచే పని అప్పగించారు. అప్పట్లో ఆ పని అంటే తాళ్లకు కట్టిన బుట్టలో కూర్చుని, గోడ వెంట పైకీ కిందికీ తిరుగుతూ టేపు పట్టడమే. ఒక సాయంత్రం, మెట్లన్నీ మళ్లీ ఎక్కే శ్రమ తప్పుతుందని బుట్టలోంచి నేరుగా గోపురం కిటికీలోకి అడుగు వేయబోయాడు. బుట్ట గోడ నుంచి దూరంగా ఊగింది. ఒక చెయ్యి కిటికీని పట్టుకుంది, కింద ఏమీ లేదు. కాలితో బుట్టను వెనక్కి తన్ని ఆ ఊపుతో లోపలికి పడ్డాడు. బతికి కిందికి దిగాక ఆయనకు వచ్చిన ఆలోచన ఇది: చేత్తో తీసే ఈ కొలతలన్నీ ఫొటోలో ముందే ఉన్నాయి కదా, పర్‌స్పెక్టివ్ గీసే పద్ధతిని తిరగేస్తే వాటిని ఫొటోలోంచే రాబట్టొచ్చు కదా?

ఆలోచన పూర్తిగా కొత్తదేం కాదు. బొమ్మ నుంచి వెనక్కి నడిచి వస్తువు కొలతలు పట్టే గణితాన్ని, ఫొటోగ్రఫీ పుట్టకముందే, 1759లో గణితవేత్త లాంబర్ట్ రాసిపెట్టాడు. ఫ్రెంచ్ సైనిక ఇంజనీరు ఎమే లోస్‌డా 1849 నుంచే మొదట కెమెరా లూసిడాతో (ఎదుటి దృశ్యం కాగితం మీద ఉన్నట్టు చూపించి గీయించే సాధనం) గీసిన బొమ్మలతో, తర్వాత ఫొటోలతో ఇదే పని చేస్తూ వచ్చాడు. ఈ విద్యకు తండ్రి అని చాలామంది ఆయననే అంటారు, అందులో తప్పులేదు. ఫొటోగ్రామెట్రీ అన్న పేరు మాత్రం 1867లో మైడెన్‌బావర్ వ్యాసంతో అచ్చులోకి వచ్చింది.

అయితే నాకు మైడెన్‌బావర్ మీద గౌరవం పేరు పెట్టినందుకు కాదు. ఆయన 1885లో బెర్లిన్‌లో ప్రష్యా ప్రభుత్వం తరఫున ఒక సంస్థ పెట్టించాడు. దాని పనిలో సగం కట్టడాల ఫొటోలు తీయడం, సగం వాటిని భద్రం చేయడం. ప్రతి కట్టడానికీ వెంటనే డ్రాయింగు గీయాలని ఆయన పట్టుబట్టలేదు. పెద్ద గాజు పలకల మీద, కొలత తెలిసిన కెమెరాతో, నిలబడిన చోటు కొలిచి ఫొటో తీయండి, దాచండి, డ్రాయింగు అవసరమైన రోజున గీసుకోవచ్చు అన్నది ఆయన పద్ధతి. అలా వేలకొద్దీ పలకలు పోగయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ఆ కట్టడాల్లో ఎన్నింటినో కూల్చేశాక, తిరిగి కట్టేవాళ్లకు ఆ పలకలు ఆధారమయ్యాయి. తీసినవాళ్లెవరూ అప్పటికి లేరు. గీయని డ్రాయింగు పలకల్లో అలాగే ఉంది.

దీనికి సరిగ్గా ఎదురుగా నాకు ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ నాదార్ కనిపిస్తాడు. 1858లోనే పారిస్ పక్కన బెలూన్ ఎక్కి ప్రపంచంలో మొదటి ఏరియల్ ఫొటో తీసింది ఆయన. మ్యాపుల తయారీకి ఈ పద్ధతి వాడొచ్చని పేటెంటు కూడా అడిగాడు. ఆ ఫొటో ఇప్పుడు ఎక్కడా లేదు. మనకు మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1860లో జేమ్స్ వాలెస్ బ్లాక్ బోస్టన్ మీద తీసినది. నాదార్ కెమెరా ఆ రోజు చూసిన పొలాలనూ ఇళ్లనూ ఇంకెవరూ చూడలేరు.

తేలే చుక్క

ఈ పనిలో చేరిన కొత్తలో నన్ను ఒక పాత స్టీరియో ప్లాటర్ ముందు కూర్చోబెట్టారు. రెండు కళ్లకు రెండు ఫొటోలు, ఒకటి కాస్త ఎడంగా తీసినది. కాసేపటికి అవి కలిసిపోయి నేల ఒక్కసారిగా లోతుగా లేచి నిలుస్తుంది. ఆ నేల మీద ఒక చిన్న వెలుగు చుక్క తేలుతుంది. రెండు చేతుల కింద రెండు చక్రాలు, కాలి కింద ఒక పళ్లెం. చక్రాలు చుక్కను అటూ ఇటూ జరుపుతాయి, పళ్లెం దాన్ని పైకీ కిందికీ. చుక్క నేలను సరిగ్గా తాకినప్పుడు ఆ బిందువు ఎత్తు చదువుకోవాలి. కాంటూరు గీయాలంటే ఎత్తును బిగించేసి, చుక్క నేలలోకి దిగబడకుండా, గాలిలోకి లేవకుండా కొండ చుట్టూ నడిపించాలి. 1901లో యేనాలోని త్సైస్ కంపెనీలో కార్ల్ పుల్‌ఫ్రిష్ ఇలాంటి జత ఫొటోలను కొలిచే స్టీరియో కంపారేటర్ అనే యంత్రం తెచ్చాకే స్టీరియోలో కొలవడం అంత నిక్కచ్చి పని అయింది. తర్వాత ఆయనకు ఒక కంటి చూపు పోయింది. తన పేరుతోనే ప్రసిద్ధమైన స్టీరియో చూపు వింతను 1922లో ప్రపంచానికి వివరించాడు గానీ, దాన్ని తాను చూడలేకపోయాడు.

ఆ యంత్రం ముందు నేను నేర్చుకున్న అసలు పాఠం వేరే ఉంది. చెట్లున్న వాలు వస్తే చుక్కను ఆకుల మీద ఆపాలా, కింద నేల ఉండాల్సిన చోటికి దించాలా? సీనియర్ ఆపరేటరు ఆకుల సందుల్లో కనిపించే నేల ముక్కలను పట్టుకుని, మిగతాది ఊహించి గీసేవారు. నేను గీస్తే ఇంకోలా వచ్చేది. ఒకే జత ఫొటోలు, ఇద్దరు మనుషులు, రెండు కాంటూర్లు. ఇద్దరిలో ఎవరిది సరైనదో తెలియాలంటే మళ్లీ ఫొటోల దగ్గరికే పోవాలి. కాంటూరు షీటును ఎంతసేపు చూసినా తెలియదు.

ఇప్పుడు ఆపరేటరు స్థానంలో సాఫ్ట్‌వేర్ ఉంది. వందల ఫొటోల్లో లక్షల బిందువులను తానే జత కలిపి, కెమెరా ఎక్కడెక్కడ ఉందో, లెన్స్ ఎంత వంచిందో, నేల ఎక్కడుందో అన్నీ కలిపి ఒకేసారి లెక్క కడుతుంది. ఈ కలిపి లెక్కకట్టే గణితాన్ని 1950ల చివర్లో డ్యూయేన్ బ్రౌన్ రూపొందించాడు. ఫొటోల్లో బిందువులను తనంతట తాను గుర్తుపట్టే పద్ధతులు 1999 తర్వాత గట్టిపడ్డాయి. ఊహించడం మాత్రం ఆగలేదు. నీటి మెరుపు మీద, ఒకే రంగు ఇసుక మీద, గాలికి ఊగే గడ్డి మీద సాఫ్ట్‌వేర్ కూడా ఊహిస్తుంది, పక్క బిందువులతో నునుపు చేస్తుంది. మనిషి గీతలో సందేహం ఉంటే చుక్కల గీతగా చూపించేవాడు. మోడల్‌లో అన్నీ ఒకే నమ్మకంతో కనిపిస్తాయి.

అప్పుడు ఎవరూ అడగని ప్రశ్నలు

ఫొటోలు దాచడం వల్ల లాభం తప్పులు దిద్దుకోవడం ఒక్కటే అయితే ఇంత పెద్ద వ్యాసం రాసేవాణ్ని కాదు. తీసిన రోజున ఎవరికీ తట్టని ప్రశ్నలకు కూడా అవి జవాబు చెబుతాయి.

1970ల్లో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు హెక్సాగన్ పేరుతో తిరిగాయి. వాటిలోని మ్యాపింగ్ కెమెరా ఫిల్మును గుళికల్లో పెట్టి భూమికి వదిలేవారు. సైన్యానికి మ్యాపులు కావాలి, అంతే. ఆ ఫొటోలు బయటి ప్రపంచానికి విడుదలయ్యాక, అదే చోటును స్టీరియోలో తీసిన జతల నుంచి హిమాలయాల ఆనాటి ఎత్తులు రాబట్టారు. 2019లో వచ్చిన అధ్యయనం 650 హిమానీనదాలను అలా కొలిచి, 2000 తర్వాత మంచు కరిగే వేగం అంతకుముందు పాతికేళ్లతో పోలిస్తే రెట్టింపైందని చూపింది. ముందు ఏటా పావు మీటరు చొప్పున పలచబడితే, తర్వాత అర మీటరు చొప్పున. 1975లో ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆనాటి సైనిక మ్యాపులు మాత్రమే దాచి ఫిల్ము పారేసి ఉంటే, ఆ లెక్క ఈ రోజు మనకు దక్కేది కాదు. ఇంకో సంగతి. ఆ ఫిల్ము మీద ప్రతి ఫ్రేములోనూ కూడిక గుర్తుల్లాంటి చిన్న గుర్తులు వరసగా అచ్చయి ఉంటాయి. దశాబ్దాల్లో ఫిల్ము ఎక్కడ సాగిందో, ఎక్కడ ముడుచుకుందో ఆ గుర్తులే చెప్పాయి. కొలిచే కెమెరా తన తప్పులను దిద్దుకునే సాధనాన్ని కూడా ఫొటోలోనే పెట్టి పంపుతుంది.

కెనడాలో ఎడ్వర్డ్ డెవిల్ 1880ల్లో రాకీ పర్వతాల సర్వేకు కెమెరా పట్టించినప్పుడు కారణం చాలా మామూలుది. అక్కడ ఎండకాలం చిన్నది. శిఖరం మీద కూర్చుని ప్లేన్ టేబుల్‌తో, అంటే బల్ల మీద కాగితం పరిచి అక్కడికక్కడే మ్యాపు గీసే తీరిక లేదు. పైన ఫొటోలు తీసుకుని దిగితే, చలికాలమంతా ఆఫీసులో మ్యాపు గీసుకోవచ్చు. ఆ తరహా సర్వేల్లో లక్షకు పైగా ఫొటోలు పోగయ్యాయి. ఇప్పుడు విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆ సర్వేయర్లు నిలబడిన రాళ్లనే వెతుక్కుని ఎక్కి, అదే దిక్కుకు కెమెరా తిప్పి మళ్లీ తీస్తున్నారు. అడవి ఎంత పైకి పాకిందో, మంచు ఎంత వెనక్కి పోయిందో చూస్తున్నారు. డెవిల్ మ్యాపుల్లో ఆ చెట్లు లేవు. పలకల్లో ఉన్నాయి.

ఆఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్ బుద్ధ విగ్రహాల కథ మీకు తెలుసు. 2001 మార్చిలో తాలిబన్లు వాటిని పేల్చేశాక జూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో ఆర్మిన్ గ్రూన్ బృందం పెద్ద విగ్రహాన్ని కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టింది. వాళ్లు మూడు రకాల ఫొటోలు వాడి చూశారు. ఇంటర్నెట్‌లో దొరికినవి, పర్యాటకులు తీసినవి, 1970లో రాబర్ట్ కోస్ట్‌కా అనే ఆస్ట్రియన్ కొలత కెమెరాతో తీసినవి. ఇంటర్నెట్ ఫొటోలు ఒక్కొక్కటి ఒక్కో సైజు, ఒక్కో కాలం, ఏ లెన్సో తెలియదు. వాటితో విగ్రహం ఆకారం వచ్చింది. వస్త్రం ముడతల దాకా, కొలతలతో సహా రప్పించింది కోస్ట్‌కా ఫొటోలు. అవి మూడే మూడు. యాభై మీటర్ల పైచిలుకు విగ్రహానికి మూడు ఫొటోలు చాలాయి. ఆ సంగతి చదివిన ప్రతిసారీ మేం చెరిపేసిన 640 గుర్తొస్తాయి.

1971 ఆగస్టు 5న అపోలో 15 వ్యోమగామి ఆల్ వోర్డెన్ చంద్రుడి నుంచి తిరిగివస్తూ, భూమికి మూడు లక్షల కిలోమీటర్ల దూరంలో నౌక బయటికి వచ్చి, కెమెరాల ఫిల్ము డబ్బాలను చేత్తో లోపలికి తెచ్చుకున్నాడు. మ్యాపింగ్ కెమెరా ఉన్న భాగం భూమికి తిరిగిరాదు, ఫిల్ము రావాలి. దశాబ్దాల తర్వాత ఆ ఫిల్మును స్కాన్ చేసి, ఆనాడు లేని కంప్యూటర్ పద్ధతులతో చంద్రుడి ఎత్తుల మోడల్ కొత్తగా తీశారు. ఫిల్ము విలువ ఎంతో ఆయన్ను బయటికి పంపినవాళ్లకు తెలుసు.

కాదనే వాళ్ల మాటలు

ఈ మాట ఆఫీసులో ఎత్తితే వెంటనే వచ్చే అభ్యంతరం చోటు. ఇది లెక్కకు నిలవదు. 640 ఫొటోలు, ఒక్కొక్కటి 12 ఎంబీ అనుకుంటే 8 జీబీ లోపే. ఆ ప్రాజెక్టులో సాఫ్ట్‌వేర్ తయారుచేసిన మధ్యంతర ఫైళ్లు, పాయింట్ క్లౌడ్ (కొలిచిన బిందువుల గుంపు), రంగులద్దిన మోడల్ కలిపితే అంతకు చాలా రెట్లు. మేం తేలికైనదాన్ని పారేసి బరువైనదాన్ని దాచాం. బరువైనవన్నీ ఫొటోల నుంచి ఎప్పుడైనా తిరిగి పుట్టించుకోగలిగినవే.

రెండోది లైడార్. లేజర్ నేరుగా దూరాన్ని కొలుస్తుంది, చెట్ల సందుల్లోంచి నేలను పట్టుకుంటుంది, ఇక ఫొటోలెందుకు అంటారు. అడవి కింద నేల కావాలంటే లైడారే వాడాలి, ఆ విషయంలో వాదన లేదు. కానీ లైడార్ పాయింట్లు కూడా విమానం ఎగిరిన దారిని అంచనా వేసి, ఆ అంచనా మీద కూర్చోబెట్టినవే. దారి లెక్క తప్పితే పాయింట్లన్నీ తప్పుతాయి. అక్కడ కూడా ముడి డేటా దాచాలి.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది మూడోది. ఒక మిత్రుడు అడిగాడు: "మీ ఫొటోల్లో మనుషులున్నారు. మేడల మీద బట్టలారేసేవాళ్లు, పెరట్లో స్నానం చేసేవాళ్లు. వాళ్లనెవరు అడిగారు, ఎప్పటికీ దాచుకోవడానికి?" పిక్సెల్‌కు 2 సెంటీమీటర్ల చొప్పున పైనుంచి తీస్తే మనిషి తల పది పిక్సెళ్లు, ముఖం గుర్తుపట్టలేం అని జవాబు చెప్పాను. చెప్పాక నాకే తృప్తి కలగలేదు. పక్కవాటుగా తీసే ఫొటోల్లో అంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. ముఖం తెలియకపోయినా, ఏ ఇంటి పెరట్లో ఏముందో తెలుస్తుంది. ఆర్థోఫొటోలో పోయే వివరం ఫొటోలో పోదు, నేను ఇంతసేపూ పొగుడుతున్న గుణమే అది. కాబట్టి ఇళ్ల మీద తీసినవాటికి నా మాట కొంత సడలిస్తాను. అవి ఎవరు తెరవాలి, ఎన్నాళ్లు ఉంచాలి అన్నది ఎగరకముందే రాసుకోవాలి, గడువు తీరితే తీసేయాలి. కట్టలు, గనులు, నదులు, కొండవాలులు, కట్టడాలు వేరు. వాటి ఫొటోలు చెరపడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

దాచడమంటే ఫోల్డర్ కాపీ చేసి వదిలేయడం కాదు. ఫొటోలు కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే ఉండాలి. సైజు తగ్గించినా, వాట్సాప్‌లో పంపినా, తిప్పి సేవ్ చేసినా లెన్స్ లెక్క చెడిపోవచ్చు. కంట్రోల్ పాయింట్ల ఫైలులో ఎత్తులు సముద్ర మట్టం నుంచా, జీపీఎస్ వాడే ఎలిప్సాయిడ్ (లెక్క కోసం భూమికి ఊహించిన నున్నటి ఆకారం) నుంచా అన్నది రాసి ఉండాలి. అది రాయని ఫైలు పదేళ్ల తర్వాత ఎంత తప్పు చెప్పగలదో ఊహించలేం, రెండింటికీ తేడా పదుల మీటర్లు ఉండొచ్చు. ప్రతి పాయింటు దగ్గరా నేల మీద నిలబడి తీసిన ఒక ఫొటో, చేత్తో గీసిన చిన్న పటం ఉండాలి. ఒకసారి పాత ఏరియల్ ఫిల్ము డబ్బా మూత తీస్తే గుప్పున వెనిగర్ వాసన వచ్చింది, ఎసిటేట్ ఫిల్ము కుళ్లే వాసన అది. అంచులు అలలు తిరిగి ఉన్నాయి. అయినా డబ్బా మీద ఎవరో సిరా పెన్నుతో లెన్స్ నంబరు, ఫోకల్ లెంగ్త్, ఎగిరిన ఎత్తు, తేదీ రాసిపెట్టారు. ఆ నాలుగు ముక్కల వల్ల లోపలిది పనికొచ్చింది.

కట్ట సంగతి. డ్రోన్ పక్కన పెట్టి, లెవెల్ మెషీన్‌తో కట్ట పొడవునా లెవెల్స్ తీశాం. ఇప్పటి మోడల్ వాటితో సరిపోయింది, అంటే ఇప్పటి ఎత్తులు నిజం. మూడేళ్ల కిందటి ఎత్తు ఏదన్నది లెవెల్ మెషీన్ చెప్పలేదు. నివేదికలో 18 సెంటీమీటర్ల అంకె రాసి, ఎదురుగా "కట్ట కుంగుదలా, పాత మోడల్ దోషమా తేల్చడానికి ఆధారాలు లేవు" అని రాసి ఇచ్చాను. ఇంజనీరు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఆధారాలు ఎందుకు లేవని అడిగారు. చెప్పాను. కట్ట మధ్యలో కాంక్రీటు గుర్తులు నాటించి ఆర్నెల్లకోసారి లెవెల్స్ తీయించడానికి ఆయన ఒప్పుకున్నారు. మొదటి విడత వచ్చే నెల.